ఆఫ్రికా నల్లచెక్కా, చంద్రపూర్ తునికా?

చంద్రపూర్ నుంచి మొహర్లీ మీదుగా తాడోబా అడవికి పోయే దారిలో దుర్గాపూర్ వస్తుంది. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వారి ఓపెన్‌కాస్ట్ గని ఇక్కడే. పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం. బొగ్గు పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి ఈ గనుల చుట్టూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ళకు బయట మరాఠీ, హిందీ. ఇంట్లో తెలంగాణ తెలుగు.

గని ఊరికీ చెక్క కలానికీ సంబంధమేమిటని అడగవచ్చు. గనుల వర్క్‌షాపుల్లో లేత్ మీద చేయి తిరిగిన టర్నర్లుంటారు. చుట్టూ దేశంలో పేరున్న టేకు అడవి ఉంది. చిన్న లేత్ కొనుక్కుని కలాలు చేసి అమ్ముకోవాలనుకునే కుర్రవాడికి ఇది అనువైన చోటు. అతనికి మొదట్లోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. విదేశాల నుంచి వచ్చే ఖరీదైన చెక్క కొనాలా, వద్దా? ఆ ప్రశ్నను ఇద్దరి వాదంగా పెట్టాను. మామ గని వర్క్‌షాపులో టర్నర్‌గా చేసి రిటైరైనవాడు. అల్లుడు ఆయన చెల్లెలి కొడుకు, కలాల పని ఈమధ్యే మొదలుపెట్టాడు. ఇద్దరూ నా కల్పన. వాళ్ళు చెప్పే చెట్లు, చట్టాలు, సంవత్సరాలు మాత్రం నిజమైనవే.

అల్లుడు: మామా, ఇది చేతిల పట్టి చూడు. ఆఫ్రికా బ్లాక్‌వుడ్. టాంజానియా, మొజాంబిక్ దిక్కు పెరుగుతది. ఐదంగుళాల పొడుగు, ముప్పావు అంగుళం మందం. నీళ్ళల్ల వేస్తే మునుగుతది.

మామ: బరువు తెలుస్తనే ఉన్నది. ధర చెప్పు.

అల్లుడు: ధర చెప్తే నువ్వు ఇంక వేరే మాట వినవు.

మామ: వింట. చెప్పు.

అల్లుడు: ఈ ఒక్క ముక్క పైసలకు సామిల్లుల టేకు ముక్కలు సంచెడు వస్తయి.

మామ: మరి సంచెడు టేకు తెచ్చుకోరాదు? బల్లార్షా గంట దూరం కూడ లేదు. అయోధ్య గుడి తలుపులకు టేకు ఎక్కడినుంచి పోయింది? 2023 మార్చిల బల్లార్షా నుంచే పూజ చేసి, ఊరేగింపు తీసి పంపిన్రు. ఆ కర్రతోని తలుపులు చేసింది హైదరాబాద్ బోయినపల్లి కలప కంపెనీ. రాముని గుడి తలుపుకు సరిపోయిన కర్ర నీ కలానికి సరిపోదా?

అల్లుడు: తలుపు పని వేరు, కలం పని వేరు మామా. టేకు ఎండకు, వానకు వంకర పోదు, చెద పట్టది. తలుపుకు అదే కావాలె. కలానికి సన్నటి, చిక్కటి చెక్క కావాలె. టేకుల కంటికి కనపడేటంత సందులుంటయి. లోపల సిలికా ఉంటది, ఉలి మొన తొందరగ మొద్దువారుతది. గట్టితనానికి జాంకా లెక్క అని ఒకటున్నది. ఒక ఉక్కు గుండును చెక్కలకు సగం దిగేదాక నొక్కి, ఎంత బలం పట్టిందో చూస్తరు. టేకుకు సుమారు 1,070 పౌండ్లు. మన జిట్రేగికి, అదే రోజ్‌వుడ్‌కు, 2,440. ఈ బ్లాక్‌వుడ్‌కు 3,670.

మామ: అంత గట్టితనం కలానికి ఏ పని చేస్తది?

అల్లుడు: మరకు పనిచేస్తది. మంచి క్లారినెట్లు ఈ చెక్కతోనే ఎందుకు చేస్తరు? ఇనుము మీద కోసినట్టు సన్నగ మర కోయొచ్చు, కోసిన మర ఏండ్లకేండ్లు నిలబడ్తది. బజార్ల దొరికే విడిభాగాల కిట్టు లేకుండ, ఇత్తడి గొట్టం లేకుండ, చెక్కలనే మర కోసి మూత బిగించే ఫౌంటెన్ పెన్ను చేయొచ్చు. టేకుల మర కోస్తే మూత నాలుగు రోజులు తిప్పంగనే పొడి రాలుతది.

మామ: ఈ మాట ఒప్పుకుంట. టర్నర్‌కు మర విలువ ఒకరు చెప్పే పనిలేదు. అయితే నువ్వు ఇప్పుడు చేస్తున్న పెన్నులు అవేనా?

అల్లుడు: ఇప్పుడైతే కిట్టు పెన్నులే. ఏడు మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం, దానిమీద చెక్క తొడుగు.

మామ: అంటే మర లోహం మీద ఉన్నది. చెక్క ఉత్త తొడుగు. నువ్వు చెప్పిన 3,670 పౌండ్ల బలానికి అక్కడ పనే లేదు. ఇప్పుడు నా లెక్క విను. నీ ముక్క 19 మిల్లీమీటర్ల చదరం, 130 పొడుగు. సుమారు 47 ఘన సెంటీమీటర్లు. తిప్పినంక మిగిలేది ఎంత? బయట పదకొండు మిల్లీమీటర్లు, లోపల ఏడు మిల్లీమీటర్ల రంధ్రం, రెండు ముక్కలు కలిపి పదిన్నర సెంటీమీటర్ల పొడుగు. గీసి చూడు, ఆరు ఘన సెంటీమీటర్లు వస్తది. ఎనిమిది వంతులల్ల ఏడు వంతులు పొట్టయి నేల మీద పడ్తది. టాంజానియా నుంచి ఓడెక్కి వచ్చిన చెక్కను నువ్వు ఎక్కువగ చీపురుతోని ఊడుస్తున్నవ్.

అల్లుడు: ఆ లెక్కే నా దిక్కు మాట్లాడుతది మామా. పెన్నుకు కావాల్సిన చెక్క అంత తక్కువ కాబట్టే మంచి చెక్క కొనొచ్చు అంటున్న. మంచం చేయాలంటే బ్లాక్‌వుడ్ ఎవడూ కొనలేడు. కలానికి అరవై గ్రాముల ముక్క చాలు. ఇగ ఖర్చు చూడు. కిట్టు, జిగురు, సాండ్ పేపర్, కరెంటు, నా పని. టేకు తిప్పినా ఇవన్ని అంతే, బ్లాక్‌వుడ్ తిప్పినా అంతే. చెక్క ఒక్కటి మారితే అమ్మే ధర రెండింతలైతది. చెక్క మీద పెట్టిన పైసలు తిరిగొచ్చినంత తొందరగ ఇంక దేని మీద పెట్టినా రావు.

మామ: అమ్ముడుపోతే వస్తయి. పగిలిపోతే?

అల్లుడు చెప్పిన ఖర్చు లెక్కలో బలముంది, దాన్ని కొట్టిపారేయలేం. చేతిపనిలో ముడిసరుకు ఖరీదు తక్కువ భాగమైనప్పుడు మెరుగైన ముడిసరుకు కొనడమే తెలివి. కంసాలి, నేతగాడు, కుమ్మరి అందరికీ ఇది తెలిసిన సంగతే. అయితే ఈ సూత్రం ముడిసరుకు చేతిలో నిలిచినప్పుడే పనిచేస్తుంది. మామ అక్కడే పట్టుకున్నాడు.

అల్లుడు: పగుళ్ళ సంగతి నాకు తెల్వక కాదు.

మామ: తెలిస్తే చెప్పు. స్నేక్‌వుడ్ అని ఒకటి తెప్పించినవ్ గద, సూరినామ్ దిక్కుది. పాము చర్మమోలె మచ్చలు. ఏమైంది?

అల్లుడు: మే నెలల నిలువున పగిలింది.

మామ: పగలక ఏం చేస్తది? చంద్రపూర్‌ల ఎండ 47 డిగ్రీలు దాటుతది. తేమ దేశంల పెరిగిన చెట్టు, మైనం పూసి పంపిన ముక్క. పైన పొడి, లోపల పచ్చి. దాన్ని తొలిచి ఇత్తడి గొట్టానికి అతికిస్తవ్. ఎండాకాలంల చెక్క దగ్గరికి రావాలని చూస్తది, ఇత్తడి దాన్ని రానియ్యది. ఇగ మధ్యల తెగుడు తప్ప దానికి దారేది? చెక్క ఎంత చిక్కగుంటే లోపలి నీళ్ళు బయటికి వచ్చుడు అంత ఆలస్యం. నువ్వు ఎక్కువ పైసలు పెట్టి కొన్నది ఆ ఆలస్యాన్నే.

అల్లుడు: దానికి పద్ధతున్నది. రెండు కొసలకు మైనం ఉంచి, పక్కల మైనం గీకి, నీడల పెట్టాలె. వారానికోసారి తూకం వేయాలె. బరువు తగ్గుడు ఆగినంక లేత్ ఎక్కించాలె.

మామ: ఆ పద్ధతి టేకుకు చేసినవా, జిట్రేగికి చేసినవా? నీ చేయి ఇంక చెక్కను ఎరుగలేదు. ఎండిందో లేదో తూకం చెప్తది, ఉలి ఏ కోణంల పెట్టాలెనో తూకం చెప్పది. అది పొట్టు చెప్తది. పొడి రాలుతున్నదా, పొడుగు పీచు వస్తున్నదా చూడాలె. అది నేర్సుకునేటప్పుడు పాడయ్యే ముక్కలు సామిల్లు ముక్కలైతే నీకు నిద్ర పడ్తది.

అల్లుడు: నేర్సుకునేటోనికి ఖరీదు చెక్క వద్దు. సరే, ఒప్పుకున్న. నేర్సినోనికి?

మామ: నేర్సినోనికి ఇంకో ప్రశ్న. పైన ఏం పూస్తున్నవ్?

అల్లుడు: సూపర్ గ్లూ. పల్చగ పది పొరలు, ఆరినంక పాలిష్. అద్దమోలె మెరుస్తది.

మామ: అంటే కొన్నోని వేలుకు తగిలేది చెక్క కాదు, జిగురు. కింద టాంజానియా చెక్క ఉన్నదా, మన వాకిట్ల వేపచెక్క ఉన్నదా, వేలుకు తెల్వది.

అల్లుడు: నువ్వు ఇప్పుడు నా చేతికి ఆయుధం ఇచ్చినవ్ మామా. టేకుకు, వేపకు ఆ పొర లేకుంటే చేతి చెమటకు నల్లబడ్తయి, సందులల్ల మట్టి చేరుతది. బ్లాక్‌వుడ్‌కు ఆ పొరే అవసరం లేదు. చెక్కల నూనె ఉంటది, చిక్కగుంటది. సన్నటి కాగితంతోని రుద్ది, జెర్రంత మైనం రాస్తే దాని మెరుపు అదే వస్తది. పట్టుకున్నోడు చెక్కనే పట్టుకుంటడు. చెక్క కలం కొనేది దానికే గద?

మామ: అట్ల చేసి అమ్మినవా?

అల్లుడు: రెండు చేసిన. కొన్నోళ్ళు మళ్ళ అడిగిన్రు.

మామ: అయితే అది మంచి పనే. ఆ పొట్టు ముక్కుల పోకుండ చూసుకో. జిట్రేగి, బ్లాక్‌వుడ్, ఆ మెక్సికో దిక్కు కోకోబోలో, అన్ని ఒక్క జాతే. దాని దుమ్ము కొందరికి ఒంటి మీద దద్దుర్లు లేపుతది, దమ్ము తెస్తది. దుమ్ము ఏం చేస్తదో గని ఊర్ల పుట్టినోనికి ఇంకొకరు చెప్పాల్నా? మాస్కు కట్టుకోని తిప్పు.

అల్లుడు: కట్టుకుంట. మరి ఇప్పుడన్న ఒప్పుకో. బ్లాక్‌వుడ్ కొనొచ్చు.

మామ: ఆగు. ఈ ముక్కకు కాగితం ఏది?

అల్లుడు: బిల్లు ఉన్నది.

మామ: బిల్లు దుకాణందారు ఇస్తడు. చెట్టు ఎక్కడ కొట్టిన్రు, ఎవరు కొట్టనిచ్చిన్రు అన్న కాగితం అడుగుతున్న.

అల్లుడు: అది ఇయ్యలేదు.

మామ: ఇయ్యాలె గద. ఈ సంగతి నువ్వే నాకు ఒకసారి చెప్పినవ్.

అల్లుడు: అవును. జిట్రేగి జాతి మొత్తం 2017 జనవరి నుంచి సైటిస్ ఒప్పందం, అంటే ఆపదల ఉన్న జాతుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం, రెండో పట్టికల ఉన్నది. బ్రెజిల్ రోజ్‌వుడ్ ఒక్కటి అంతకుముందే, 1992ల మొదటి పట్టికకు ఎక్కింది, దాని వ్యాపారమే బంద్. మిగిలినవాటి పచ్చి కర్ర, కోసిన ముక్కలు దేశం దాటాలంటే పర్మిట్ కావాలె. తయారైన వస్తువుకు మినహాయింపున్నది. ఒక పార్సిల్‌ల ఆ చెక్క పది కిలోల లోపల ఉంటే పర్మిట్ అడగరు. అందుకే తయారైన పెన్ను అమెరికా పోవచ్చు. ముక్క రావాలంటే పర్మిట్ ఉండాలె.

మామ: మరి నీ ముక్క ఎట్ల వచ్చింది?

అల్లుడు: ఎవరో దిగుమతి చేసుకున్నరు, నేను ఆయన దగ్గర కొన్న ఇంకో ఆయన దగ్గర కొన్న.

మామ: గిబ్సన్ అని గిటార్ల కంపెనీ ఉన్నది, దునియాల పేరున్నది. దానికి కూడ ఇదే గతి పట్టింది. మడగాస్కర్ ఎబొనీ ఎక్కడినుంచి ఎట్ల వచ్చిందో గట్టిగ చెప్పలేకపోయిన్రు. 2009ల అమెరికా సర్కారోళ్ళు ఫ్యాక్టరీ మీద దాడి చేసిన్రు, 2012ల మూడు లక్షల డాలర్లు జరిమానా కట్టి బయటపడ్డరు. అంత పెద్దోళ్ళకే చెట్టు అడ్రస్ తెల్వకపోతే నీకు ఎట్ల తెలుస్తది?

అల్లుడు: తెలిసే చోటు కూడ ఉన్నది మామా. టాంజానియాల కిల్వా జిల్లా ఉన్నది. ఊరోళ్ళే అడవి కాపలా కాస్తరు, ఎన్ని చెట్లు కొట్టాలెనో వాళ్ళే లెక్క కడ్తరు. 2009ల వాళ్ళ అడవికి, దాన్ని సరిగ్గ చూసుకుంటున్నరని ఇచ్చే ఎఫ్.ఎస్.సి. సర్టిఫికెట్ వచ్చింది. బ్లాక్‌వుడ్ అమ్మిన పైసలు ఆ ఊరోళ్ళకే పోతయి. చెట్టు నిలబడితే పైసలొస్తయని తెలిసిన ఊరు అడవిని తగలబెట్టి పొలం చేయది. మనమందరం ఆ చెక్క వద్దంటే ఆ అడవికి ధరే లేకుండ పోతది. విదేశీ చెక్క కొంటే అడవి నాశనం అన్న మాట అన్నిచోట్ల నిజం కాదు.

మామ: ఇది నేను ఆలోచించలేదు. మంచి మాట. అయితే నీ చేతిల ఉన్న ముక్క కిల్వాదేనా?

అల్లుడు: కావచ్చు, కాకపోవచ్చు.

మామ: కాకపోవచ్చు అన్నకాడనే నా గొడవ. ఇంత దూరం ఎందుకు, ఎర్రచందనం చూడు. నీకు అమెరికా నుంచి ఒకాయన ఎర్రచందనం పెన్ను అడిగిండని సంబరపడ్డవ్.

అల్లుడు: చేయలేదు గద మామా. అది 1995 నుంచే సైటిస్ పట్టికల ఉన్నది, మన దేశం నుంచి అడవి చెట్టు ఎగుమతి మామూలుగ బంద్. పట్టా భూముల పెంచినది, సర్కారు పట్టుకోని వేలంల అమ్మినది తప్ప బయట దొరికేది దాదాపు దొంగ సరుకే.

మామ: చట్టం సంగతి కాదు నేను చెప్పేది. 2015 ఏప్రిల్ 7నాడు శేషాచలం అడవిల ఇరవై మంది పోలీసు కాల్పులల్ల చచ్చిపోయిన్రు. తమిళనాడు నుంచి కూలికి వచ్చిన్రన్నరు. చెట్టు కొట్టెటోనికి రోజు కూలి. దుంగ దేశం దాటినంక లక్షలు. ఆ లక్షలు ఇచ్చెటోడు అడవి మొఖం చూడడు, పేణం పోయెటోడు ఆ చెక్కతోని చేసిన వస్తువు చూడడు. నీ పెన్నుకు ఎంత తక్కువ చెక్క పట్టినా, అది ఆ దారిల వచ్చిన చెక్కనైతే నాకు వద్దు. నువ్వు కూడ ముట్టొద్దు.

ఈ మాట దగ్గర నేను పూర్తిగా మామ పక్షం. శేషాచలం కొండలు ప్రపంచమంతటిలో ఎర్రచందనం సహజంగా పెరిగే కొద్దిపాటి చోటులో ఉన్నాయి. కడప, చిత్తూరు, నెల్లూరు కొండల తర్వాత ఇంకెక్కడా ఆ చెట్టుకు అంత పుట్టినిల్లు లేదు. ఖరీదైన చెక్క గురించి తెలుగులో మాట్లాడుతూ ఆ ఇరవై మందిని తలవకుండా దాటిపోవడం నాకు చేతకాదు.

అల్లుడు: సరే మామా. ఇప్పుడు నీ వంతు. విదేశీ చెక్క వద్దు, మరి ఏ చెక్క? టేకు సంగతి అయిపోయింది.

మామ: తునికి.

అల్లుడు: బీడీ ఆకు చెట్టా?

మామ: ఆకు కోసుకునుడే మనకు తెలుసు. ఎండకాలం వస్తే చంద్రపూర్, గడ్చిరోలి, ఆదిలాబాద్ అడవులల్ల జనమంత ఆకు తెంపవోతరు, పులి భయంతోనే పోతరు. ఆ చెట్టు లోపల ఏమున్నదో ఎవరు చూసిన్రు? ముదురు తునికి నడుమ నల్లటి చేవ ఉంటది. పైన బూడిద రంగు, లోపల నలుపు. అది ఎబొనీనే.

అల్లుడు: చదివిన. కోరమండల్ ఎబొనీ అంటరు. సామర్లకోటల ఉండి పనిచేసిన రాక్స్‌బర్గ్ దొర 1795ల అచ్చైన కోరమండల్ మొక్కల పుస్తకంల తునికిని బొమ్మతోని సహా వేసిండు. జిట్రేగికి శాస్త్రం పేరు పెట్టింది కూడ ఆయనే. కానీ మామా, తునికి చేవ సన్నగుంటది, వంకరటింకర. పూర్తి నలుపు దొరకది. నల్లటి దాంట్ల గోధుమ రంగు చారలు వస్తయి. కొనేటోడు ఇది ఎబొనీ కాదు, పాడైన కర్ర అంటడు.

మామ: చారలు ఉంటే పాడైనట్టా? ఎవరు చెప్పిన్రు?

అల్లుడు: బజారు చెప్తది.

మామ: బజారుకు ఎవరో ఒకరు చెప్పాలె.

అల్లుడు: చెప్పిన మనిషి ఉన్నడు, నిజమే. టేలర్ గిటార్ల కంపెనీ బాబ్ టేలర్. 2011ల కామెరూన్‌ల ఎబొనీ మిల్లు కొన్నడు. అడవికి పోయి అడిగితే, పూర్తి నలుపు చెట్టు ఒకటి దొరకాలంటే పది చెట్లు కొడ్తమన్నరట. చారలున్న తొమ్మిదింటిని కొట్టి అక్కడనే పారేసి వచ్చుడే. కొనేటోళ్ళు చారలు వద్దన్నరు కాబట్టి. అప్పటినుంచి చారల ఎబొనీ కూడ గిటార్లకు పెడ్తమని ఆయన ప్రకటించిండు. కొన్నరు కూడ.

మామ: చూసినవా? అమెరికావోడు చారల ఎబొనీ అమ్మితే గొప్ప. నువ్వు చారల తునికి అమ్మితే సిగ్గు.

అల్లుడు: సిగ్గు కాదు మామా. ఇందాక నువ్వు నన్ను కాగితం అడిగినవ్. ఇప్పుడు నేను అడుగుతున్న. నీ తునికికి కాగితం ఏది? అడవిల చెట్టు సర్కారుది. పొలం గట్టు మీద చెట్టైనా మహారాష్ట్రల కొన్ని జాతులు కొట్టాలంటే 1964 చట్టం కింద అనుమతి కావాలె, లారీ ఎక్కాలంటే రవాణా పాసు కావాలె. ఎవడో రాత్రి కొట్టి తెచ్చిన తునికి నాకు సస్తగ ఇస్తనంటే అది శేషాచలం కథే గద, పేరు మారింది అంతే.

మామ: సరిగ్గ అడిగినవ్. నేను పచ్చి చెట్టు కొట్టుమంట లేను. కూలగొట్టిన పాత ఇండ్ల దూలాలు, గుంజలు ఉన్నయి. విరిగిన బండి చక్రాల తుమ్మ కర్ర ఉన్నది. పాత రోకళ్ళు, పనిముట్ల పిడులు, కావడి బద్దలు, వీటిల తునికి మస్తుగ దొరుకుతది. యాభై ఏండ్లు ఎండిన కర్ర, ఇంక పగలది. సామిల్లుల జిట్రేగి, నల్లమద్ది, ఏగిస ముక్కలు పొయ్యిలకు పోతయి. బిల్లు రాయించుకోని కొను. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఏ వస్తువు అని ఒక నోటుబుక్కుల రాసి పెట్టు. కలంతోని ఆ చీటీ ఇయ్యి.

అల్లుడు: చీటీ ఇస్తే కొనేటోనికి నచ్చుతది, అది నిజం. కానీ పాత కర్రల మేకులుంటయి, పురుగు తొలిచిన రంధ్రాలుంటయి. ఒక మేకు తగిలితే ఉలి పాయె. పది ముక్కలు కోస్తే నాలుగు పనికొస్తయి. ఆ పనికి కూలి ఎవరిస్తరు? నువ్వు సస్త కర్ర అంటున్నవ్, నా గంటల లెక్కల అది సస్త కాదు.

మామ: సస్త అని నేను అనలేదు. చెక్క ధర దుకాణందారుకు పోయే బదులు నీ చేతికి వస్తది అంటున్న. గాంధీకి పెన్ను పంపిన రాజమండ్రి రత్నం గారి సంగతి యాది చేసుకో. 1932ల మొదలుపెట్టిండు. 1935 జులైల గాంధీ వార్ధా నుంచి ఉత్తరం రాసిండు, పెన్ను మంచిగున్నది, విదేశీ పెన్నులకు బదులు పనికొస్తదని. వార్ధా ఎక్కడున్నది? నాగపూర్ పోయే దారిలనే. ఆ ఉత్తరం మన విదర్భ నుంచే పోయింది. ఇక్కడి వస్తువుతోని చేస్తేనే ఆ గౌరవం.

అల్లుడు: అక్కడనే నేను ఒప్పుకోను. రత్నం పెన్నులకు పేరు తెచ్చింది రాజమండ్రి చెట్టు కాదు, ఎబొనైట్. రబ్బరును గంధకంతోని ఉడకబెట్టి గట్టిపరిచిన కడ్డీ. గాంధీ మెచ్చుకున్నది ఆ కడ్డీని కాదు, దాన్ని లేత్ మీద తిప్పి పెన్నుగ చేసిన పనిని. స్వదేశీ అంటే మన చేతిపని అనుకుంటే, నేను బ్లాక్‌వుడ్ తిప్పినా అది దుర్గాపూర్ పెన్నే.

మామ: ...బాగ చెప్పినవ్. చేతిపనే అసలు. అయితే నువ్వు చేసిన ఫౌంటెన్ కిట్టు పెన్నుకు ఆ చేతిపనికి తగ్గ పాళీ పెట్టినవా?

అల్లుడు: కిట్టుతోని వచ్చిందే.

మామ: రాసి చూపియ్యి. ... చూడు, కాగితం గీకుతున్నది. చెక్కకు అంత పైసలు పెట్టి, రాసే దగ్గర ఏమీ పెట్టలేదు. పెన్ను రాయాలె ముందు.

అల్లుడు: జర్మనీ జోవో, బాక్ కంపెనీల పాళీలు దొరుకుతయి. వాటికి పైసలు ఎక్కువైతయి.

మామ: చెక్క మీద పెట్టే పైసలు పాళీ మీద పెట్టు. దేశం దాటి వచ్చే వస్తువు మీద నాకు పగలేదు. దేనికి పెడ్తున్నవో తెలిసి పెట్టుమంటున్న.

అల్లుడు: పాళీ మార్చుత. తునికి కూడ తిప్పి చూస్త. కానీ బ్లాక్‌వుడ్ విడిచిపెట్టను మామా. మర కోసిన ఫౌంటెన్ పెన్ను చేసే రోజు వస్తది, ఆ రోజు పర్మిట్ కాగితం చూపించే దుకాణంల కొంట. కాగితం లేదంటే కొనను.

మామ: అట్ల కొంటే నేనే లేత్ మీద మర కోసి ఇస్త.

వాళ్ళ వాదం ఇక్కడ ఆగింది గాని నా తీర్పు నేను చెప్పాలి. ఇత్తడి గొట్టం మీద తొడిగే కిట్టు కలానికి విదేశీ ఖరీదు చెక్క కొనడం దండగ. గట్టితనం అక్కడ పనిచేయదు, పైన జిగురు పూస్తే స్పర్శా మిగలదు, ముక్కలో ఎనిమిదింట ఏడు వంతులు పొట్టు. పని నేర్చుకుంటున్నవాళ్ళకు అది నష్టమే. చెక్కలోనే మర కోసి, జిగురు పొర లేకుండా మైనంతో మెరుగుపెట్టే కలం చేయగలిగినవాళ్ళకు మాత్రం బ్లాక్‌వుడ్ ఇచ్చే సన్నని మర, దాని నునుపు టేకులో రావు. వాళ్ళు కొనవచ్చు, చెట్టు ఎక్కడిదో చెప్పే కాగితం ఉంటేనే. అది లేకపోతే ధర ఎంత తగ్గినా కొనకూడదు. దేశీ చెక్కకూ ఇదే షరతు. చంద్రపూర్ తునికి అన్నంత మాత్రాన దొంగతనంగా కొట్టిన కర్ర మంచిదైపోదు.

తునికి విషయంలో అల్లుడి భయం సరైనదే. చారలున్న కర్రను కొనేవాళ్ళు వెనక్కి పంపితే చేసేవాడు మళ్ళీ పూర్తి నలుపు కోసం వెతుకుతాడు, వెతికిన కొద్దీ చెట్లు పడతాయి. ఇది చేసేవాడి చేతిలో లేదు, కొనేవాళ్ళ చేతిలో ఉంది. అందుకే కలం కొనే పాఠకులను అడుగుతున్నాను. కొనేముందు రాసి చూడండి. చెక్క ఎక్కడిదో చీటీ అడగండి. గోధుమ చారలున్న తునికి కలం ఇంటికి వస్తే లోపమున్నదని తిప్పి పంపకండి.